పశువుల ఆసుపత్రిలో ఒకరోజు ఉండి చూద్దాం అనుకునేవాళ్ళు వెళ్ళేముందు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

బైపీసీ అయిపోయి గరివిడి వెటర్నరీ కాలేజీలో సీటు మీద ఆశ పెట్టుకున్న పిల్లలు చాలామంది, ఈలోగా మన దగ్గర్లో ఉన్న పశువుల ఆసుపత్రిలో ఒకరోజు డాక్టర్ గారి పక్కనుండి చూస్తాం అని అడుగుతుంటారు, మంచి ఆలోచన, తప్పకుండా వెళ్ళండి, కానీ వెళ్ళేది వానలు పడ్డాక కాబట్టి కొన్ని ముందే తెలుసుకోండి. అక్కడ మీ పని చూడటం, అంతవరకే. కొత్తవాళ్ళకి దెబ్బ తగిలేది ఎక్కువగా జాలిపడి సాయం చేద్దామని ముందుకెళ్ళినప్పుడే.

అన్నిటికంటే ముందు రేబిస్ టీకా. కుక్క కరిచాక వేయించుకునేది కాదు, కరవకముందే వేయించుకునేది. మొదటి రోజు, 7వ రోజు, 21 లేదా 28వ రోజు, మొత్తం 3 డోసులు, అంటే నెల ముందే మొదలుపెట్టాలి. ధనుర్వాతం ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో కూడా ఒకసారి ఇంట్లో అడగండి.

రేబిస్ అనగానే అందరికీ కుక్కే గుర్తొస్తుంది గానీ నాకు ఎక్కువ భయం గేదెలతో. ఎందుకంటే కుక్కని చూసి జాగ్రత్త పడతాం, గేదెని చూసి పడం. "రేత్రి నుంచీ మేత ముట్టట్లేదు బాబూ, గొంతులో ఏటో అడ్డం పడ్డట్టుంది" అని రైతు తోలుకొస్తాడు, చొంగ తీగలు తీగలుగా కారుతుంటుంది, కుండీలో మూతి పెడుతుంది గానీ నీళ్ళు గొంతు దిగవు, అరుపు బొంగురుపోయి ఉంటుంది. మామిడి టెంక అడ్డం పడిందేమో అని నోట్లో చెయ్యి పెట్టబోతారు, ఇంట్లోవాళ్ళు అప్పటికే పెట్టి చూసేసి ఉంటారు కూడా. ఎప్పుడో నెలా రెండు నెలల కిందట పిచ్చికుక్క కరిచిన సంగతి ఎవరికీ గుర్తుండదు. నిజంగా టెంకే అయ్యుండొచ్చు, కానీ తేల్చాల్సింది డాక్టర్ గారు, గ్లౌజులు తొడుక్కుని. మీరు మాత్రం తాడు కూడా పట్టుకోవద్దు. మీ వేలి మీద ఉన్న గీత మీద ఆ చొంగ పడినా, కళ్ళలో నోట్లో చిందినా, కుక్క కరిచినంత సీరియస్‌గానే తీసుకోవాలి. సబ్బుతో, ధారగా పడే నీళ్ళ కింద 15 నిమిషాలు కడగండి, కళ్ళయితే ఉత్త నీళ్ళతో. పసుపు, కారం, సున్నం ఏదీ పెట్టొద్దు. అదేరోజు మనుషుల ఆసుపత్రికి వెళ్ళాలి, ముందు 3 డోసులూ అయిపోయినవాళ్ళకి కూడా ఆ రోజు ఒకటి, 3వ రోజు ఒకటి పడతాయి.

రెండోది మాయ పడని కేసు, లేదంటే నెలలు నిండకుండా ఈసుకుపోయిన ఆవు. ఆ మాయలో, ఆ నీళ్ళలో బ్రూసెల్లా అనే, మనుషులకీ అంటుకునే క్రిమి ఉండొచ్చు, చిందితే చాలు. వెనక నిలబడి తొంగి చూడకండి, మాస్కు పెట్టుకోండి, పక్కకి ఉండండి. గర్భంతో ఉన్నవాళ్ళు ఇలాంటి రోజులు పెట్టుకోకపోవడమే మంచిది. ఎవరైనా అభిమానంతో పచ్చిపాలు, జున్నుపాలు కాచకుండా ఇస్తే తాగొద్దు, కాచినవి తాగండి.

నిలబడే చోటు గురించి. ఆవు కాలు వెనక్కే కాదు, పక్కకీ ముందుకీ కూడా విసురుతుంది. చట్రంలో కట్టేశారు కదా అని ఇనప కడ్డీల మధ్య చెయ్యి పెట్టారో, అది ఒక్కసారి కదిలితే ఎముక నలిగిపోతుంది. రైతు "కాస్త పట్టుకో తల్లీ" అని పగ్గం చేతికిస్తే అరచేతికి చుట్టుకోకండి, అది పరిగెడితే వేళ్ళు తెగిపోతాయి, నాకు రాదండి అని చెప్పేయండి, ఎవరూ తప్పుగా అనుకోరు. కుక్కలయితే మూతి కట్టాకే దగ్గరికి వెళ్ళండి. పిల్లి కాటు చిన్న చుక్కలా కనిపిస్తుంది గానీ లోతుగా దిగుతుంది, చీము పడుతుంది, డాక్టర్‌కి చూపించాలి.

వాడిన సూదికి మూత పెట్టబోకండి, కింద పడినా ఏరకండి. గాలికుంటు టీకా నూనెతో చేసింది, వేలిలో పొరపాటున దిగితే బయటకి ఏమీ కనిపించకుండా లోపల వాచిపోతుంది, వెంటనే వెళ్ళి టీకా పేరు చెప్పాలి.

1962 వ్యాన్ (ఫోన్ చేస్తే ఊరికే వచ్చే పశువుల అంబులెన్స్) వెంట ఊళ్ళోకి వెళ్ళే అవకాశం వస్తే, ఉన్నట్టుండి చచ్చిపోయి ముక్కు నుంచో వెనకనుంచో గడ్డకట్టని రక్తం కారుతున్న పశువు దగ్గరకి అస్సలు పోవద్దు, అది దొమ్మరోగం (ఆంత్రాక్స్) కావొచ్చు, కోస్తే ఇంకా ప్రమాదం, ఆ క్రిముల సిద్ధబీజాలు మట్టిలో ఏళ్ళ తరబడి చావకుండా ఉంటాయి.

బట్టలు ఫుల్ చేతులవి, కాటన్‌వి వేసుకోండి, చున్నీ నడుముకి కట్టేయండి, గాజులు, ఉంగరాలు తీసేయండి, చెప్పులు వద్దు, గమ్‌బూట్లు కావాలి, ఎందుకంటే ఆవరణలో వాననీళ్ళూ మూత్రమూ కలిసిన గుంటలుంటాయి, కాలి మీద పుండు ఉంటే లెప్టోస్పైరోసిస్ జ్వరానికి అదే దారి. టిఫిన్ బయటకొచ్చి, చేతులు సబ్బుతో కడిగి తినండి.

ఇంట్లో పశువులుంటే ఇది మర్చిపోకండి, అదే బూట్లతో సాలలోకి వెళ్ళొద్దు. గాలికుంటు అలాగే మోసుకెళ్తాం. లీటరు నీళ్ళకి 40 గ్రాములు వాషింగ్ సోడా కలిపి, ముందు బురద బాగా కడిగేసి తర్వాత ఆ నీళ్ళతో బూట్లు తడపండి, బట్టలు విడిగా వేడినీళ్ళలో ఉతకండి, స్నానం చేశాకే మేత వేయండి.

ఆ తర్వాత రెండు మూడు నెలల్లో వస్తూ పోతూ ఉండే జ్వరం, చెమటలు, కీళ్ళనొప్పులు వస్తే అది పైన చెప్పిన బ్రూసెల్లా కావొచ్చు, టైఫాయిడ్ అని మందులషాపులో మాత్రలు కొనుక్కోకండి, డాక్టర్ దగ్గరకి వెళ్ళి ఫలానా రోజు పశువుల ఆసుపత్రిలో ఉన్నాను అని మీరే చెప్పండి, వాళ్ళు అడగరు.