సెకండ్ హ్యాండ్ గ్రాఫిక్స్ కార్డు కొంటున్నారా? అరగంట నడిపి చూశాకే డబ్బివ్వండి

కొన్నేళ్ళ కిందట మా బాబాయి కొడుకు కోసం ఒక పాత గ్రాఫిక్స్ కార్డు కొన్నాను. అమ్మినతను సిస్టమ్ ఆన్ చేసి డెస్క్‌టాప్ చూపించాడు, ఒక వీడియో పెట్టాడు. అంతా బాగానే ఉంది కదా అని డబ్బిచ్చి వచ్చేశాం. ఇంట్లో గేమ్ మొదలుపెట్టిన పది నిమిషాలకే తెర నిండా ఆకుపచ్చ గళ్ళు! కూలర్ విప్పి చూస్తే చిప్ చుట్టూ జిగురులాంటి పసుపు మరక. పోయిన కార్డును హీట్ గన్‌తో వేడి చేసి, నాలుగు రోజులు పనిచేసేలా చేసి అమ్మేశారు. ఏడాది పాటు ఆ అబ్బాయి దాచుకున్న డబ్బది, వాడి ముఖం చూడలేకపోయాను. అప్పటి నుంచి మావాళ్ళలో ఎవరికి కార్డు కావాలన్నా నేనే వెంట వెళ్తున్నాను. నేను పాటించే పద్ధతి ఇదీ.

1. ముందు మీ క్యాబినెట్ విప్పండి

ఎస్ఎంపీఎస్ (సిస్టమ్ మొత్తానికి కరెంటిచ్చే పెట్టె) మీద ఎన్ని వాట్లని రాసుందో, దాంట్లోంచి గ్రాఫిక్స్ కార్డుకు కరెంటిచ్చే 8 పిన్‌ల పీసీఐఈ కేబుల్ వస్తోందో లేదో చూడండి. మదర్‌బోర్డు స్లాట్ నుంచి కార్డుకు అందేది 75 వాట్లే. 6 పిన్‌ల కేబుల్ ఇంకో 75, 8 పిన్‌లది 150 వాట్లు ఇస్తుంది. ఆర్టీఎక్స్ 3060కి 170 వాట్లు కావాలి, దానికి 550 వాట్ల ఎస్ఎంపీఎస్ ఉండాలని ఎన్విడియా చెబుతుంది. క్యాబినెట్‌తో పాటు వచ్చిన చవక ఎస్ఎంపీఎస్ మీ దగ్గరుంటే ముందు దాన్ని మార్చడానికి డబ్బు పక్కన పెట్టుకోండి. పాత హార్డ్‌డిస్క్ వైరును కార్డు కేబుల్‌గా మార్చే మోలెక్స్ కన్వర్టర్ తగిలిస్తే సరిపోతుందని ఎవరైనా అంటే వినకండి, ఆ వైర్లు వేడెక్కి కరిగిపోయే ప్రమాదం ఉంది. కార్డు పట్టే చోటును టేపుతో కొలిచి, ఆ సంఖ్య ఫోన్‌లో రాసుకోండి.

2. మోడల్ పేరు పూర్తిగా చదవండి

మామూలు 1080పీ మానిటర్ మీద ఆడేవారికి ఆర్ఎక్స్ 6600, 12 జీబీ ఆర్టీఎక్స్ 3060 మంచి ఎంపికలు. ఎస్ఎంపీఎస్ చిన్నదైతే నేను ఆర్ఎక్స్ 6600 వైపే మొగ్గుతాను, అది 132 వాట్లతో నడుస్తుంది. జీటీఎక్స్ 1060, 1070 లాంటివి చవకగా కనిపిస్తాయి గానీ, ఆ తరానికి కొత్త గేముల కోసం ఇచ్చే డ్రైవర్లను (కార్డును నడిపే సాఫ్ట్‌వేర్‌ను) ఎన్విడియా 2025 అక్టోబరుతో ఆపేసింది. జీటీఎక్స్ 1660 సూపర్‌కు ఆ ఇబ్బంది లేదు. కానీ దాంట్లో రే ట్రేసింగ్ (వెలుతురు, నీడలను నిజంలా లెక్కగట్టే పద్ధతి) హార్డ్‌వేర్ లేదు కాబట్టి 2025లో వచ్చిన డూమ్: ది డార్క్ ఏజెస్ లాంటి గేములు దాని మీద నడవవు.

ఎక్కువ మంది మోసపోయేది పేర్ల దగ్గరే. ఆర్ఎక్స్ 580లో 2304 కోర్లు (లెక్కలు చేసే చిన్న యూనిట్లు) ఉంటాయి, అదే పేరు చివర 2048ఎస్పీ అని ఉంటే 2048 మాత్రమే. 3 జీబీ జీటీఎక్స్ 1060లో మెమరీతో పాటు కోర్లు కూడా తక్కువ. ఆర్టీఎక్స్ 3060లో 8 జీబీ రకం కూడా ఉంది, మెమరీ బస్ (డేటా వెళ్ళే దారి) ఇరుకు కావడంతో గేముల్లో బాగా వెనకబడుతుంది. ప్రకటనలో ఇవేవీ రాయకపోతే ఫోన్ చేసి అడగండి.

3. మైనింగ్ కార్డంటే భయపడాలా?

2022 సెప్టెంబరు 15న ఇథీరియం అనే క్రిప్టో కరెన్సీ కొత్త పద్ధతికి మారడంతో గ్రాఫిక్స్ కార్డులతో దాన్ని మైనింగ్ చేయడం (కార్డుతో ఆపకుండా లెక్కలు చేయించి నాణేలు సంపాదించడం) ఆగిపోయింది. ఆ కార్డులు కుప్పలుగా పాత సామాన్ల మార్కెట్‌కు వచ్చాయి. మైనింగ్ అనగానే కార్డు పాడైపోయిందని అనుకోనక్కర్లేదు. చాలామంది వోల్టేజ్ తగ్గించి, ఒకే వేడి దగ్గర నడిపారు. అరిగేవి ముఖ్యంగా ఫ్యాన్లు, ఎండిపోయేవి వేడిని కూలర్‌కు చేరవేసే థర్మల్ ప్యాడ్లు. ధర తగ్గించి, నిజం చెప్పి అమ్మితే నేను కొంటాను. అడిగితే మాట దాటేసేవాళ్ళ దగ్గర కొనను.

4. చేతిలోకి తీసుకుని చూడండి

వెలుతురులో పట్టుకుని చూడండి. స్క్రూల తలలు అరిగిపోయి ఉన్నా, సీరియల్ నంబరు స్టిక్కర్ లేకపోయినా ఎందుకో అడగాలి. చిప్‌కూ కూలర్‌కూ మధ్య రాసే పేస్ట్ మార్చడానికి విప్పడం తప్పేమీ కాదు, కానీ ఆ మాట వాళ్ళు ముందే చెప్పాలి. పక్క నుంచి టార్చ్ వేసి చిప్ చుట్టూ మరకలున్నాయేమో చూడండి. మా విషయంలో ఈ ఒక్క పని చేసి ఉన్నా బయటపడేవాళ్ళం. బరువైన కార్డులు వంగిపోయి, స్లాట్ లాక్ కూర్చునే కొక్కెం దగ్గర బోర్డు పగులుతుంటుంది. అక్కడ వెంట్రుకంత గీత కనిపించినా వదిలేయండి. సముద్రం దగ్గరి ఊళ్ళలో వాడినదైతే బ్రాకెట్ మీద, హీట్‌సింక్ రేకుల మీద తుప్పు ఉందేమో చూడండి.

5. అరగంట నడిపించండి

ఒక పెన్ డ్రైవ్‌లో జీపీయూ-జెడ్ (కార్డు వివరాలు చూపేది), ఫర్‌మార్క్ (కార్డు మీద పూర్తి భారం వేసేది), యూనిజిన్ సూపర్‌పొజిషన్ (కార్డు వేగానికి స్కోరిచ్చేది) వేసుకుని వెళ్ళండి. మూడూ ఉచితంగా దొరుకుతాయి.

మొదట జీపీయూ-జెడ్ తెరవండి. విండోస్ చూపించే పేరును నమ్మకండి. పాత జీటీఎస్ 450 లాంటి చిప్‌లో బయోస్ (కార్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్) మార్చి జీటీఎక్స్ 1050 టీఐ అని అమ్మేవాళ్ళున్నారు, వాళ్ళు మార్చిన పేరే విండోస్‌లోనూ వస్తుంది. అలాంటి కార్డులను పట్టుకునేలా జీపీయూ-జెడ్‌ను తయారు చేశారు, పేరు ముందే ఫేక్ అని చూపిస్తుంది. కోర్ల సంఖ్య, మెమరీ ఎంతో కూడా అక్కడే ఉంటాయి. 12 జీబీ ఆర్టీఎక్స్ 3060 అయితే 3584 కోర్లు కనిపించాలి.

తర్వాత ఫర్‌మార్క్ ఒక పావుగంట. అప్పుడు మీ కళ్ళు తెర మీద, చెవులు ఫ్యాన్ మీద ఉండాలి. చుక్కలు, గళ్ళు, రంగు గీతలు ఒక్కసారి వచ్చినా ఆ కార్డు వద్దు, ధర సగానికి తగ్గించినా వద్దు. పని లేనప్పుడు ఫ్యాన్లు ఆగిపోయి ఉంటే కంగారు పడకండి, చాలా కార్డుల్లో అది మామూలే. లోడ్ పడ్డాక మాత్రం అన్నీ తిరగాలి, గరగరమనకూడదు.

ఉష్ణోగ్రత 85 డిగ్రీల లోపు నిలబడితే నాకు సమ్మతమే. జీపీయూ-జెడ్‌లో హాట్‌స్పాట్ అని ఇంకో అంకె ఉంటుంది, అది చిప్‌లో అన్నిటికంటే వేడెక్కిన చోటుది. రెండింటికీ తేడా 25 డిగ్రీలు దాటిందంటే పేస్ట్ ఎండిపోయిందో, కూలర్ సరిగ్గా కూర్చోలేదో అయ్యుండాలి. ఇది బాగుచేసుకోగలిగేదే, ఆ ఖర్చు చూపించి బేరమాడండి. ఆర్టీఎక్స్ 3080, 3090ల్లో మెమరీ వేడి కూడా చూడాలి. అది 110 దగ్గరికి వెళ్ళి కార్డు వేగం తగ్గిపోతుంటే ప్యాడ్లు మార్చక తప్పదు.

చివరగా సూపర్‌పొజిషన్ ఒకసారి నడిపి, వచ్చిన స్కోరును అదే మోడల్‌కు ఇతరులు తెచ్చుకున్న స్కోర్లతో పోల్చండి. బయలుదేరే ముందు కేబుల్ మార్చి మార్చి హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లే పోర్టులన్నీ చూడండి. పని చేయని పోర్టులు ఇంటికొచ్చాకే బయటపడుతుంటాయి.

ఇదంతా చేయనివ్వం, టైమ్ లేదు అంటే నమస్కారం పెట్టి వచ్చేయండి. కార్డు ఇంకొకటి దొరుకుతుంది.

6. డబ్బిచ్చేటప్పుడు

కార్డు చూడకుండా అడ్వాన్స్ వేయొద్దు. కంపెనీ వారంటీ మిగిలుంటే అసలు బిల్లు తీసుకోండి, సీరియల్ నంబరు దాంతో కలుస్తోందో చూడండి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ లాంటి కంప్యూటర్ మార్కెట్లలో షాపు నుంచి కొంటే టెస్టింగ్ వారంటీ (కొన్ని రోజులు వాడి చూసి, తేడా వస్తే వెనక్కిచ్చే వీలు) అడగండి. ఎన్ని రోజులిచ్చినా సరే, బిల్లు మీద రాయించుకోండి.

ఇంటికొచ్చాక పాత డ్రైవర్ తీసేసి కొత్తది వేయండి. ఆ టెస్టింగ్ రోజుల్లో మీ దగ్గరున్న అన్నిటికంటే బరువైన గేమ్‌ను, ఏసీ వేయకుండా, మధ్యాహ్నం పూట రెండేసి గంటలు ఆడండి. తేడా వస్తే వెంటనే వీడియో తీసి, గడువు దాటకముందే కార్డు పట్టుకుని షాపుకు వెళ్ళండి.