సొంత పుస్తకానికి సొంత ప్రచారం – పాఠం 3: పుస్తకంలోంచి ఒక ముక్క

కిందటి పాఠంలో మీ పాఠకులు ఎక్కువగా తిరిగే వేదిక ఒకటి ఎంచుకుని, అక్కడ ప్రొఫైల్ సర్దుకున్నాం. పుస్తకం పేరు, అది దేని గురించో ఒక వాక్యం, కొనుక్కునే లింకు - ఈ మూడూ ప్రొఫైల్ తెరవగానే కనిపించాలని అనుకున్నాం. ఆ పని ఇంకా మిగిలి ఉంటే ముందు అది చేసి రండి. ఇవాళ రాయబోయే పోస్టు ఎవరికైనా నచ్చితే వాళ్లు నేరుగా వెళ్లేది అక్కడికే.

ఈ పాఠంలో నేర్చుకునేది ఒక్కటే: పుస్తకంలోంచి ఒక ముక్క తీసి పోస్టుగా పెట్టడం. సొంతంగా అచ్చేసుకునే రచయితకు ఇంతకంటే పనికొచ్చే ప్రచారం ఇంకోటి లేదని నా నమ్మకం. పేరు తెలియని రచయిత పుస్తకం కొనాలా వద్దా అని ఊగిసలాడే మనిషి తెలుసుకోవాలనుకునేది, ఈ రచయిత ఎలా రాస్తారు అన్న సంగతి. కవర్ పేజీ చూస్తే అది తెలియదు. ఆవిష్కరణ సభ ఫొటోలు చూసినా తెలియదు. పుస్తకంలోని నాలుగు వాక్యాలు చదివితే తెలిసిపోతుంది.

మామూలుగా మనం చూసే పోస్టు ఇలా ఉంటుంది:

"మిత్రులందరికీ నమస్కారం. నా తొలి నవల విడుదలైందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. మానవ సంబంధాల నేపథ్యంలో సాగే ఈ నవల మిమ్మల్ని ఆకట్టుకుంటుందని ఆశిస్తున్నాను. కాపీల కోసం సంప్రదించండి."

దీనికి అభినందనలు బాగానే వస్తాయి. ఆర్డర్లు మాత్రం రావు. మానవ సంబంధాలు లేని నవల ఎక్కడుంటుంది? ఈ వాక్యాన్ని ఏ నవలకైనా తగిలించవచ్చు. చదివినవాళ్లకు మీ కథలో ఎవరికి ఏం జరిగిందో ఒక్క ముక్క కూడా తెలియలేదు కాబట్టి, అభినందించి ముందుకు వెళ్లిపోవడం తప్ప వాళ్లు చేయగలిగింది కూడా ఏమీ లేదు.

అదే నవలలో ఇలాంటి చోటు ఒకటి ఉందనుకుందాం. ఉదాహరణ కోసం నేనే రాశాను:

"సంతకం నాన్నదే. చివర్లో పొడుగ్గా లాగే గీత కూడా అచ్చం అలాగే ఉంది. కానీ కాగితం మీద తేదీ ఆయన పోయిన మర్నాటిది. తలెత్తి అన్నయ్య వైపు చూశాను. వాడు లేచి కిటికీ తలుపు వేస్తున్నాడు. బయట గాలి కూడా లేదు."

దీని కింద రెండే రెండు వాక్యాలు చాలు: "ఆస్తి పంచుకోవడానికి కూర్చున్న ముగ్గురు తోబుట్టువుల కథ. నవల పేరు ఫలానా, లింకు ఇదిగో."

ఈ ముక్క ఎందుకు పనిచేస్తుందో దగ్గరగా చూడండి. తేదీ దగ్గరికి రాగానే చదివేవాళ్ల మనసులో ప్రశ్న పుడుతుంది. కిటికీ దగ్గర అనుమానం మొదలవుతుంది. అక్కడితో ఆగిపోయింది. పుస్తకంలో దీని తరవాత "అన్నయ్యే ఈ పని చేశాడని నాకు అర్థమైపోయింది" అన్న వాక్యం ఉన్నా సరే, పోస్టులోకి దాన్ని రానివ్వకూడదు. జవాబుకు ముందు వాక్యం దగ్గర ఆపడమే ఈ విద్యలో సగం.

మిగతా సగం ముక్కను వెతికి పట్టుకోవడం. పెన్సిల్ తీసుకుని మీ పుస్తకంలో మొదటి మూడో వంతు మళ్లీ చదవండి. అంతకు మించి లోపలికి వెళ్తే కథ బయటపడిపోయే ప్రమాదం ఉంది. ఒక పాత్రకు అప్పటిదాకా తెలియనిది తెలిసిన చోట, ఒకరు అబద్ధమాడిన చోట, అడగాల్సిన మాట ఎవరో అడగకుండా ఊరుకున్న చోట గీత పెట్టండి. మనం ఎంతో ఇష్టపడి రాసుకున్న సూర్యోదయాలు, జీవితం గురించి చెప్పిన మంచి మాటలు ఇక్కడ పెద్దగా అక్కరకు రావు. పుస్తకంలో వాటి ముందు యాభై పేజీల కథ ఉంటుంది. ఆ బలం లేకుండా విడిగా చదివితే ఎవరో పంపిన సూక్తిలా ఉంటాయి. నాకు ఇష్టమైన పేరా కదా అని పట్టుబట్టకండి.

ముక్కలో రెండు పేర్లకు మించి ఉంటే కొత్తవాళ్లు తికమక పడతారు. మధ్యలో ఒక వాక్యం తీసేసి చుక్కలు పెట్టవచ్చు. "అతను" ఎవరో తెలియకపోతే పేరు వేయవచ్చు. కానీ పుస్తకంలో లేని మెరుపులు పోస్టు కోసం అద్దవద్దు. కొని చదివినవాళ్లకు ఆ వాక్యం కనిపించకపోతే మీ మీద నమ్మకం పోతుంది.

కథలు కాకుండా వేరే పుస్తకాలు రాసేవాళ్లు దీన్ని కొంచెం తిరగేసి చేయాలి. మీది ఆరోగ్యం గురించో, డబ్బు పొదుపు గురించో అయితే ఒక చిన్న సమస్య తీసుకుని పరిష్కారం పూర్తిగా చెప్పేయండి, దాచుకోవద్దు. ఒక్క పోస్టుతోనే ఇంత పనికొస్తే పుస్తకమంతా ఎలా ఉంటుందో అనిపించాలి. కవులైతే కవిత మొత్తం పెట్టండి. కవితను సగంలో ఆపితే ఎవరికీ ఉత్కంఠ కలగదు.

ఇక పోస్టు రూపం. ఫేస్‌బుక్‌లోనైనా ఇన్‌స్టాగ్రామ్‌లోనైనా పోస్టు పొడుగ్గా ఉంటే పైన కొంత మాత్రమే కనిపించి, మిగతాది నొక్కితేనే తెరుచుకుంటుంది. అందుకే నమస్కారాలు, ఉపోద్ఘాతాలు తీసేసి "సంతకం నాన్నదే" దగ్గరే మొదలుపెట్టాలి. ఎక్స్‌లో (పాత ట్విట్టర్) మామూలు ఖాతాకు 280 అక్షరాలే హద్దు. తెలుగులో అది ఇంకా తొందరగా నిండిపోతుంది, ఎందుకంటే గుణింతం గుర్తులు, వత్తులు విడివిడిగా లెక్కకు వస్తాయి. మన కంటికి ఒకే అక్షరంగా కనిపించే "స్త్రీ" అక్కడ ఆరు. పై ఉదాహరణ లాంటి ముక్క పట్టేలా చూసుకుని, లింకును దాని కింద రిప్లైలో పెట్టడం సులువు.

ముక్కను బొమ్మ మీద అందంగా వేసి పెట్టాలనుకుంటే వేయండి, కానీ అవే వాక్యాలు పోస్టులో కూడా టైపు చేయండి. చూపు లేనివాళ్లు వాడే సాఫ్ట్‌వేర్ బొమ్మలోని తెలుగును సరిగా చదువుతుందన్న భరోసా లేదు. బొమ్మలు తయారుచేసే కొన్ని యాప్‌లలో వత్తులు విడిపోయి పక్కకు వచ్చేస్తాయి. పోస్టు చేసే ముందు ప్రతి అక్షరం చూసుకోండి. అచ్చుతప్పులున్న నాలుగు వాక్యాలు చూసినవాళ్లు పుస్తకమంతా అలాగే ఉంటుందని అనుకుంటారు, అలా అనుకోవడం న్యాయం కూడా.

లింకు ఒక్కటే ఇవ్వండి. ఇన్‌స్టాగ్రామ్‌లో పోస్టు కింద రాసిన లింకు నొక్కితే తెరుచుకోదు కాబట్టి, ప్రొఫైల్‌లో ఉందని చెప్పాలి. ఈ-బుక్ ఎవరికైనా ప్రత్యేక హక్కులతో, అంటే ఇంకెక్కడా పెట్టనన్న ఒప్పందంతో, ఇచ్చి ఉంటే, ముక్కలు పెట్టే ముందు ఆ నిబంధనలు తప్పకుండా చదవండి. ఉదాహరణకు ఇంగ్లీషులో కూడా పుస్తకాలు తెచ్చేవాళ్లు రచయితలు సొంతంగా పుస్తకాలు ప్రచురించుకునే అమెజాన్ వేదిక కేడీపీలోని "సెలెక్ట్" అనే పథకంలో ఈ-బుక్‌ను చేరిస్తే, ఆ 90 రోజుల గడువులో అదే పుస్తకం డిజిటల్‌గా ఇంకెక్కడా ఉండకూడదు. నమూనాగా పది శాతం దాకా మాత్రం చూపించుకోవచ్చు. అచ్చు పుస్తకానికి ఈ షరతు లేదు. ఈ సంగతి తెలియక నవల మొత్తం రోజుకో అధ్యాయం చొప్పున పోస్టు చేస్తే చిక్కుల్లో పడతారు.

పోస్టు పెట్టి ఫోన్ పక్కన పడేయకండి. అసలు పని కామెంట్లలో ఉంటుంది. "తరవాత ఏమైంది?" అని ఎవరైనా అడిగితే మీకు అంతకంటే మంచి వార్త లేదు. "కొని చదివి తెలుసుకోండి" అని ఠక్కున తలుపు వేసేయవద్దు. "ఆ తేదీ ఎవరు వేసి ఉంటారని మీకు అనిపిస్తోంది?" అని అడగండి. వాళ్లు ఏదో ఊహిస్తారు, ఇంకొకరు కాదంటారు, మాట సాగుతుంది. ఆ మాటలన్నీ మీ పుస్తకం గురించే. "సూపర్ అండీ" అన్నవాళ్లకు కృతజ్ఞతలు చెప్పండి, కానీ ప్రశ్న అడిగినవాళ్ల పేర్లు రాసి పెట్టుకోండి. పుస్తకం చదివి మాట్లాడే అవకాశం ఎక్కువ ఉన్నది వాళ్లకే. వచ్చే పాఠంలో వాళ్లతో మనకు పని ఉంది.

అడగకుండా పదిమందిని ట్యాగ్ చేయడం, ఇంకొక రచయిత పోస్టు కింద మీ లింకు అతికించడం, ఉన్న ప్రతి వాట్సాప్ గ్రూపులోకీ ఒకే మెసేజ్ తోయడం - ఇవి వద్దు. వాట్సాప్ వాడాలనుకుంటే బ్రాడ్‌కాస్ట్ లిస్టు (ఒకే మెసేజ్‌ను చాలామందికి ఎవరికి వారికి విడిగా పంపే ఏర్పాటు) మర్యాదగా ఉంటుంది. ఒక లిస్టులో 256 మందిని చేర్చవచ్చు, కానీ మీ నంబరు తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్లకే అది చేరుతుంది. అంటే మిమ్మల్ని ఎరిగినవాళ్లకే వెళ్తుంది. వాళ్లను కూడా ముందు ఒక మాట అడిగి చేర్చండి.

"కొనండి" అని నేరుగా అడగడం తప్పేమీ కాదు. రెండో ముద్రణ వచ్చినప్పుడో, ధర తగ్గించినప్పుడో, అంటే చెప్పడానికి నిజంగా కొత్త సంగతి ఉన్నప్పుడు అడగండి. మిగతా రోజుల్లో పుస్తకాన్ని మాట్లాడనివ్వండి.

ఈ వారం అభ్యాసం. మీ పుస్తకంలోంచి ఐదు ముక్కలు ఎంచి కాగితం మీద విడిగా రాసుకోండి. పుస్తకం చదవని మనిషి ఒకరిని కూర్చోబెట్టి, ఏ వివరణా ఇవ్వకుండా ఒక్కొక్కటీ చదివి వినిపించి ఆగండి. "బాగుంది" అంటే ఆ ముక్క పక్కన పెట్టేయండి. "అయితే వాడు..." అని నోరు తెరిచిన చోటు గుర్తు పెట్టుకోండి, ముందు పోస్టు చేయాల్సింది ఆ ముక్కే. రెండోది పెట్టేముందు మొదటిదాని కింద వచ్చిన ప్రతి ప్రశ్నకూ జవాబు ఇచ్చి ఉండాలి. చదివినవాళ్లను సమీక్ష ఎలా అడగాలో, ఎవరిని అడగకూడదో వచ్చే పాఠంలో చూద్దాం. పేర్లు రాసిన కాగితం అప్పటిదాకా దాచి ఉంచండి.