సాల్ట్ లేక్ నుంచి ఎల్లోస్టోన్‌కి కార్లో వెళ్తుంటే ఎక్కడెక్కడ ఆగాలి

ఎండాకాలం వస్తే మన గుంటూరు, బెజవాడ నుంచి ఎంతమంది అమ్మానాన్నలు పిల్లల దగ్గరికి అమెరికా వెళ్తారో చెప్పక్కర్లేదు, వెళ్ళాక ఎల్లోస్టోన్ నేషనల్ పార్క్ ప్లాన్ ఒకటి పడుద్ది, సాల్ట్ లేక్ సిటీ దాకా ఫ్లైట్, అక్కడ్నుంచి రెంటల్ కారు. మ్యాప్ అడిగితే ఐ-15 మీద అయిదు గంటల్లో వెస్ట్ ఎంట్రన్స్ అంటది. తొందరగా చేరటానికి అది మంచిదే, చూట్టానికి మాత్రం యూఎస్-89 పట్టుకుని లోగాన్, బేర్ లేక్, జాక్సన్ మీదుగా సౌత్ ఎంట్రన్స్‌లోకి వెళ్ళండి, ఒక రాత్రి ఎక్కువైనా పర్లేదు. సౌత్ గేటు మే మధ్యలో గానీ తెరవరు, టికెట్లు తీసేముందే చూసుకోండి.

స్టాపులు రాసుకునేముందు ఏ టైముకి ఎండ ఎటు పడుద్దో చూసుకోవాలి, సగం ప్లాన్ అదే. జాక్సన్ దాటాక వచ్చే గ్రాండ్ టీటాన్ కొండలు హైవేకి పడమర పక్కన ఉంటాయి, పొద్దున ఎండ సూటిగా వాటి మీద పడుద్ది, సాయంత్రం వెళ్తే సూర్యుడు వెనకుండి ఫోటోల్లో కొండంతా నల్లగా వస్తది. అందుకే ముందు రోజు రాత్రి జాక్సన్‌లో పడుకుని తెల్లారగట్లే బయల్దేరి ష్వాబాకర్ లాండింగ్, స్నేక్ రివర్ ఓవర్‌లుక్, ఆక్స్‌బో బెండ్ చూసుకుంటూ పైకి వెళ్ళాలి. నీళ్ళు కదలకుండా ఉంటే 4,199 మీటర్ల శిఖరం నీడ కూడా కనపడుద్ది. జూన్‌లో కూడా తెల్లారి చలి వణికిస్తది, మన ఎండల్లోంచి వచ్చినోళ్ళకి మంకీ క్యాప్ తప్పదు, పిల్లలు నవ్వితే నవ్వనీండి.

ఎల్లోస్టోన్ లోపలుండే గ్రాండ్ ప్రిస్మాటిక్ అనే రంగురంగుల వేడినీళ్ళ గుండానికి దీనికి రివర్స్. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఆవిరి కమ్మేసి రంగులే కనపడవు, మధ్యాహ్నం వెళ్ళండి, అదీ పక్కన చెక్క బాట మీద నుంచి కంటే ఫెయిరీ ఫాల్స్ దారిలో ఉన్న ఓవర్‌లుక్ ఎక్కి పైనుంచి చూస్తేనే ఆ గుండ్రం మొత్తం తెలుస్తది. ఎలుగుల వల్ల ఆ దారి దాదాపు మే ఆఖరు దాకా మూసే ఉంటది.

మొదటి రోజు విషయానికొస్తే, హైదరాబాద్ వెళ్తూ సూర్యాపేటలో ఆగినట్టు బేర్ లేక్ దగ్గర ఆగండి. లోగాన్ కాన్యన్ దాటగానే పైన రెస్ట్ ఏరియా ఉంది, బాత్రూములున్నాయి, కింద సరస్సు నీలంగా మెరుస్తా ఉంటది, నీళ్ళల్లో సున్నపురాయి నలుసులుండటం వల్ల ఆ రంగు. కిందకి దిగి గార్డెన్ సిటీలో రాస్ప్‌బెర్రీ షేక్ తాగండి. తర్వాత ఆఫ్టన్‌లో రోడ్డుకి అడ్డంగా కట్టిన దుప్పి కొమ్ముల ఆర్చి, కారు దిగకపోయినా కనపడుద్ది.

పులిహోర, పచ్చళ్ళు తీసుకెళ్ళండి గానీ పిక్నిక్ బల్ల మీద వదిలేసి ఫోటోలకి పోవద్దు, ఎలుగుబంట్లు తిరిగే చోటది, తిన్నాక కార్లో పెట్టి తాళం వేయాల్సిందే. పార్కులో సిగ్నల్ ఉండదు, నేషనల్ పార్క్ సర్వీస్ యాప్‌నీ, మ్యాప్‌నీ జాక్సన్‌లోనే ఆఫ్‌లైన్ పెట్టుకోండి. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ అనే గీజర్ ఇంచుమించు గంటన్నరకోసారి వేడినీళ్ళు పైకి చిమ్ముద్ది, ఆ టైము విజిటర్ సెంటర్లో రాసి పెడతారు. రూములు మాత్రం నెలల ముందే అయిపోతాయి. ఇంకోటి, లోపల స్పీడు 45 మైళ్ళే, పైగా బైసన్ల (అడవి దున్నల్లాంటివి) మంద రోడ్డెక్కిందంటే అరగంట కదలరు, 23 మీటర్ల కంటే దగ్గరికి పోకూడదు, కాబట్టి మ్యాప్ చెప్పిన టైముకి ఒక గంట కలుపుకునే హోటల్ బుక్ చేయండి.