ఎప్పుడో వదిలేసిన బ్రష్ మళ్లీ పట్టుకుని, బయట కూర్చుని బొమ్మలేయాలంటే

స్కూల్లో ఉన్నప్పుడు బొమ్మలు బాగానే వేసేవాళ్ళం, తర్వాత చదువు, ఉద్యోగం, సంసారం అంటూ రంగులు మూలన పడ్డాయి, ఇప్పుడు మొదలెడదామంటే చెయ్యి తిరగట్లేదు అని చాలామంది అంటుంటారు. చెయ్యిదేముంది, నాలుగు రోజులు గీస్తే అదే తిరుగుతుంది. అసలు ఇబ్బంది కంటితో. ఆకాశమంటే నీలం, చెట్టంటే ఆకుపచ్చ, నీడంటే నలుపు అని మనకి ముందే తెలుసు కాబట్టి ఎదురుగా ఉన్నదాన్ని చూడకుండా తెలిసిందే వేసేస్తాం. బయటికెళ్లి వేస్తే ఈ అలవాటు చాలా త్వరగా వదులుతుంది, ఎందుకంటే అక్కడ నిజం ఎదురుగానే ఉంటుంది, మనం వేసింది తప్పని అదే చెప్పేస్తుంది. వయసు గురించి బెంగొద్దు, తర్వాతెప్పుడో బ్రిటన్ ప్రధాని అయిన చర్చిల్ 1915లో 40 ఏళ్ల వయసులో మొదటిసారి బ్రష్ పట్టుకున్నాడు, తర్వాత జీవితమంతా ఎక్కువగా లాండ్‌స్కేప్‌లే (ప్రకృతి దృశ్యాలే) వేసుకుంటూ పోయాడు.

ఆయన వేసింది ఆయిల్ పెయింట్స్‌తో, కానీ బయట మొదలెట్టడానికి వాటర్ కలర్సే సుఖం, బరువుండదు, త్వరగా ఆరుతుంది, వాసన ఉండదు. రంగులు ఓ ఆరు చాలు, రెండు పసుపులు (ఒకటి ఎల్లో ఓకర్, అంటే మట్టి పసుపు, అయితే మంచిది), ఒక ఎరుపు, రెండు నీలాలు (అల్ట్రామెరీన్ అనే ముదురు నీలం తప్పనిసరి), బర్న్‌ట్ సియెన్నా అనే ఎర్రమట్టి లాంటి గోధుమ రంగు. అల్ట్రామెరీన్‌లో బర్న్‌ట్ సియెన్నా కలిపితే వెచ్చటి బూడిద రంగు నుంచి దాదాపు నలుపు దాకా అన్నీ వచ్చేస్తాయి, నల్ల ట్యూబ్‌తో పనే లేదు. ఆకుపచ్చ కూడా కొనకండి, ట్యూబ్‌లోంచి తిన్నగా తీసి వేసిన పచ్చదనం ప్లాస్టిక్ మొక్కలా ఉంటుంది, పసుపూ నీలం కలిపి చిటికెడు ఎరుపు తగిలిస్తే అప్పుడు ఆకులా కనిపిస్తుంది. డబ్బులు పెట్టాల్సింది మాత్రం పేపర్ మీద, 300 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకి 300 గ్రాముల బరువుండే మందం) వాటర్ కలర్ పేపర్ తీసుకోండి, పల్చటిదైతే తడవగానే ఉబ్బిపోయి నీళ్లు గుంటల్లో నిలబడతాయి, మీరేమో మీకు రాదనుకుంటారు. సైజు మాత్రం పోస్ట్‌కార్డ్ అంతే, పెద్దగా వద్దు. మొన తేలే ఒక లావు రౌండ్ బ్రష్, పెన్సిల్, నీళ్లు, పాత గుడ్డ, పేపర్ ఎగరకుండా రెండు క్లిప్పులు, అంతే. మోసుకెళ్లే సామాను ఎంత పెరిగితే బయటికెళ్లడం అంత తగ్గుతుంది.

కూర్చునేది నీడలోనే. ఎండ నేరుగా పేపర్ మీద పడితే తెల్లటి మెరుపుకి కళ్లు చెదిరి రంగులు ముదురుగా కలిపేస్తాం, ఇంటికొచ్చి చూస్తే బొమ్మంతా చీకటిగా ఉంటుంది. కూలింగ్ గ్లాసెస్ తీసేయండి, వాటి రంగు మీ రంగుల్లో కలిసిపోతుంది, టోపీ పెట్టుకోండి చాలు. వీపు వెనక గోడో చెట్టో ఉండేలా చూసుకుంటే భుజం మీంచి తొంగిచూసేవాళ్ళు కూడా తగ్గుతారు (ఎవరైనా వచ్చి చూసినా ఏం కాదు, ఒక్క నిమిషంలో వెళ్లిపోతారు).

పొద్దున్నే గానీ సాయంత్రం గానీ వెళ్లండి, మిట్టమధ్యాహ్నం నీడలు కురచగా ఉండి అంతా చప్పగా కనిపిస్తుంది. కాకపోతే వెలుగు ఆగదు, సూర్యుడు గంటకి 15 డిగ్రీలు జరుగుతాడు, గంటన్నర దాటితే మీరు మొదలెట్టిన దృశ్యం అక్కడ ఉండదు. ఫ్రెంచ్ చిత్రకారుడు మోనే 1890లో గడ్డివాములు వేసేటప్పుడు వెలుగు మారగానే ఆ కాన్వాస్ పక్కన పెట్టేసి ఇంకోటి అందుకునేవాడు. మనకి అన్ని అక్కర్లేదు గానీ నీడలు ఎక్కడెక్కడ ఉన్నాయో మొదట్లోనే పెన్సిల్‌తో గుర్తు పెట్టేసి తర్వాత వాటిని జరపకుండా ఉంటే చాలు.

రంగు ముట్టుకునే ముందు కళ్లు సగం మూసి చూడండి. ఆకులూ కిటికీలూ అన్నీ మాయమై తెలుపు, మధ్యస్థం, ముదురు అని మూడు ముద్దలుగా కనిపిస్తుంది. అగ్గిపెట్టంత సైజులో పెన్సిల్‌తో ఆ మూడే వేసి చూసుకోండి, అది బాగుంటే బొమ్మ బాగుంటుంది, అది కుదరకపోతే ఎన్ని రంగులేసినా కుదరదు, ఈ ఒక్క పనికీ బద్ధకించొద్దు. ఏం వదిలెయ్యాలో కూడా ఇక్కడే తేల్చుకోండి, కరెంటు తీగలు, ఆగున్న బండి, ఆరో చెట్టు ఏవీ వెయ్యక్కర్లేదు. నేలా ఆకాశం కలిసే గీత సరిగ్గా మధ్యలో రాకుండా కాస్త పైకో కిందకో జరపండి.

రంగులు లేత నుంచి ముదురుకి. తెలుపు కావాల్సిన చోట పేపర్ అలాగే వదిలెయ్యాలి, మళ్లీ తెచ్చుకోవడం కష్టం. దూరంగా ఉన్నవి గాలి వల్ల నీలంగా, లేతగా, తేడాలు తగ్గి కనిపిస్తాయి, ఘాటైన రంగులూ గట్టి అంచులూ ముందున్నవాటికి దాచుకోండి. ఆరుబయట నీడల్లో ఆకాశపు నీలం కాస్త ఉంటుంది, నల్లగా పూసెయ్యకండి. వాటర్ కలర్ ఆరాక ఒక మెట్టు లేతబడుతుంది కాబట్టి తడిగా ఉన్నప్పుడు కొంచెం ఎక్కువైందేమో అనిపించేలా వెయ్యండి. సగం ఆరిన చోట మళ్లీ తడి బ్రష్ పెడితే క్యాలీఫ్లవర్ పువ్వులా అంచులు చిట్లిన మచ్చలు పడతాయి, పూర్తిగా ఆరేదాకా చేతులు కట్టుకుని కూర్చోవడమే.

టైమ్ అయిపోయాక అసంపూర్తిగా ఉన్నా లేచిపోండి. వెనకాల తేదీ, టైమ్, ఎండ ఎటునుంచి వచ్చిందో రాసుకుంటే ఇంకో రోజు అదే టైమ్‌కి వచ్చి కొనసాగించొచ్చు. ఫోన్‌లో ఫొటో తీసుకున్నా దాన్ని ఆకారాల వరకే నమ్మండి, అందులో నీడలు నల్లగానూ ఆకాశం తెల్లగానూ వచ్చేస్తాయి, రంగుల కోసమైతే అక్కడికక్కడే పేపర్ అంచు మీద కలిపి చూసిన చుక్కలే పనికొస్తాయి.