కుళ్ళాయి, కబాయి కుట్టేవాళ్ళకు ఎదురయ్యే చిక్కులు, వాటికి మందులు

లేపాక్షి వీరభద్రాలయంలో పైకప్పు చిత్రాలు చూసి వచ్చాక, బట్టల మీద ఇష్టం ఉన్నవాళ్ళకు చేతులు ఊరుకోవు. అందులో మనుషులు పెట్టుకున్న ఎత్తైన టోపీ కుళ్ళాయి. ఒంటికి పట్టినట్టుండే పొడుగు చేతుల తెల్లటి అంగీ కబాయి. 16వ శతాబ్దపు విజయనగర దర్బారు వేషం ఇది. అప్పటి అంగీ ఒకటి తిరగేసి కుట్లు చూసుకునే అదృష్టం మనకు లేదు. బొమ్మలు, శిల్పాలు, అప్పట్లో వచ్చిన విదేశీయుల రాతలు, మన కవుల మాటలు, ఇవే దిక్కు. అందుకే ఈ పనిలో చాలా తప్పులు కత్తెర పట్టకముందే మొదలవుతాయి. ముందు ఆ చిక్కే చూద్దాం.

సమస్య: ఒక ఆధారంలో అంగీ ఉంది, ఇంకోదాంట్లో లేదు. దేన్ని నమ్మాలి?

తిరుమల ఆలయంలో శ్రీకృష్ణదేవరాయలు, ఇద్దరు దేవేరుల లోహ విగ్రహాలు అందరూ చూసినవే. రాయల తల మీద పొడుగాటి కుళ్ళాయి ఉంటుంది. నడుముకు పంచె ఉంటుంది. ఛాతీ మీద నగలే తప్ప అంగీ లేదు. అదే రాయలను 1520 ప్రాంతంలో చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, బంగారు గులాబీలు కుట్టిన తెల్లబట్టలు, జరీ టోపీ, చెప్పుల్లేని కాళ్ళు అని రాశాడు. మరో పదిహేనేళ్ళకు అచ్యుతరాయల కాలంలో అక్కడున్న మరో పోర్చుగీసువాడు న్యూనిజ్, రాజు అప్పుడప్పుడూ కింద గేరా (పావడాలాంటి కుచ్చు) ఉన్న చొక్కాలాంటిది వేసుకుంటాడనీ, తలకు జరీ కుళ్ళాయి పెడతాడనీ చెప్పాడు. ఒకసారి కట్టిన బట్ట రాజు మళ్ళీ కట్టడని కూడా ఆయనే రాశాడు.

కారణం: వీటిలో ఏదీ అబద్ధం కాదు, సందర్భాలు వేరు. దేవుడి ఎదుట చేతులు జోడించి నిలబడ్డప్పటి వేషం ఒకటి, కొలువులో వేషం ఇంకొకటి. అంతకు వందేళ్ళ ముందు మాట కావాలంటే శ్రీనాథుడిదిగా చెప్పుకునే చాటువు ఉంది. విజయనగర కొలువుకు వెళ్ళడానికి కుళ్ళాయి పెట్టాను, కోక చుట్టాను, మహాకూర్పాసం (పెద్ద అంగీ) తొడిగాను అని కవి వాపోతాడు. ఆ బట్టలు ఆయన రోజూ వేసుకునేవి కావని, కొలువు కోసం వేయాల్సి వచ్చినవని ఆ విసుగే చెబుతోంది. మనకు ఇంతకంటే గట్టి సాక్ష్యం ఏం కావాలి?

పరిష్కారం: బట్ట కొనకముందు ఒక కాగితం తీసుకుని నాలుగు మాటలు రాయండి. ఎవరు, ఎక్కడ, ఏ సందర్భం, ఏ దశకం. ఉదాహరణకు, "1530లలో లేపాక్షి గుడి కట్టించిన విరుపణ్ణ పరివారంలో ఒక ఉద్యోగి, కొలువులో." దాని కింద టోపీ, అంగీ, నడికట్టు, నగలు ఒక్కొక్కటీ రాసి, పక్కన ఎక్కడ చూశారో రాయండి. ఎక్కడా కనబడనిదాని పక్కన "ఊహ" అని రాయండి. ఊహించడం తప్పేమీ కాదు. ఏది ఊహో ఆర్నెల్ల తర్వాత మనమే మర్చిపోతాం, చిక్కంతా అక్కడే. ఈ కాగితం లేకుండా మొదలుపెట్టినవాళ్ళు తిరుమల రాయల నగలు, లేపాక్షి అంగీ, సినిమా చెప్పులు కలిపేస్తారు. దేనికదే బాగుంటుంది, మొత్తం మాత్రం ఏ కాలానికీ చెందదు.

సమస్య: కుళ్ళాయి వంగిపోతోంది, లేదా పుట్టినరోజు టోపీలా కనిపిస్తోంది

ఈ రెండూ వేర్వేరు జబ్బులు.

పుట్టినరోజు టోపీలా ఉందంటే కటింగ్‌లో లోపం. ఒకే ముక్కను గరాటులా చుట్టి కుడితే అంచు నుంచి కొస దాకా తిన్నటి గీత వస్తుంది. బొమ్మల్లో కుళ్ళాయి అలా ఉండదు. నుదుటి దగ్గర కాస్త నిలువుగా లేచి, తర్వాత మెల్లగా సన్నబడి, కొస గుండ్రంగా ముగుస్తుంది. అందుకని నాలుగు కళీలుగా, అంటే అడుగున వెడల్పుగా ఉండి పైకి సన్నబడే ముక్కలుగా, కత్తిరించండి. తల చుట్టుకొలతకు 2 సెం.మీ. కలిపి నాలుగుతో భాగిస్తే ఒక్కో కళీ అడుగు వెడల్పు వస్తుంది. తల 56 ఉంటే కళీ 14.5, దానికి రెండు వైపులా కుట్టు మార్జిన్ అదనం. ఎత్తు 30 పెడితే మొదటి 8 సెం.మీ. దాదాపు నిలువుగా పోనిచ్చి, అక్కడి నుంచి లోపలికి వంపు తిప్పండి. కొసను సూదిమొనలా చేయకండి. ఈ కొలతలు నేను బొమ్మల్లో ముఖం పొడవుతో టోపీ ఎత్తును పోల్చి వేసుకున్నవి. మీ ముఖానికి తగ్గట్టు మార్చుకోండి. ముందు పాత దుప్పటి గుడ్డతో ఒకటి కుట్టి, అద్దంలో పక్క నుంచి చూసుకుంటే తేడా ఇట్టే తెలుస్తుంది.

వంగిపోతోందంటే లోపల బలం లేదు. ఒక్క బక్రం (కాలర్ల లోపల వేసే గట్టి గుడ్డ) పొర చాలదు, పైగా బక్రం ముక్కలను ఒకదాని మీద ఒకటి ఎక్కించి కుడితే ఆ గీత వెంటే మడత పడుతుంది. బక్రం అంచులను పక్కపక్కనే ఆనించి, మీద నూలు టేపు వేసి చేతికుట్టు వేయండి. దాని మీద క్రాస్‌గా కత్తిరించిన గట్టి నూలు గుడ్డ, ఆ పైన జరీ బట్ట రావాలి. జరీ బట్టను మొదట కచ్చా కుట్టుతో పట్టించి చూసుకుంటే ముడతలు ముందే దొరుకుతాయి. బక్రం వద్దనుకునేవాళ్ళు పాత పంచె గుడ్డ పొరలను చింతగింజల బంకతో అంటించి ఆరబెట్టుకోవచ్చు. చేర్యాల మాస్కులకు వాడే బంక అదే, ఎండాక చెక్కలా బిగుస్తుంది.

టోపీ నిలబడుతోంది గానీ వెనక్కి జారుతోందా? లోపల 3 సెం.మీ. వెడల్పున మెత్తటి నూలు పట్టీ కుట్టండి, సరిపోతుంది.

సమస్య: చెయ్యి ఎత్తితే కబాయి మొత్తం పైకి లేస్తోంది

ఇప్పటి కుర్తా ప్యాటర్న్ వాడడమే కారణం. భుజం దగ్గర గుండ్రంగా చంక తీసి, దానికి సన్నటి పొడుగు చెయ్యి అతికిస్తే చెయ్యి కదలడానికి చోటు ఉండదు.

ఈ జాతి అంగీలు అరబ్బు, పర్షియా వైపు నుంచి వచ్చినవి. వాటికి చుట్టాలైన మొగలు జామాలు, కొంచెం తర్వాతి కాలానివి, మ్యూజియాల్లో ఉన్నాయి. వాటిలో చంక కింద వేరే ముక్క వేసినవి కనిపిస్తాయి. కబాయికీ అదే పద్ధతి పెట్టడం నా ఊహ, కాగితం మీద అలాగే రాసుకున్నాను. ఒళ్ళు తిన్నటి ముక్క, చెయ్యి మణికట్టు వైపు సన్నబడే తిన్నటి ముక్క, రెండూ కలిసే చోట 10 సెం.మీ. చదరపు ముక్కను మూలగా తిప్పి కుట్టండి. చెయ్యి తల మీదికి వెళ్ళినా అంగీ కదలదు. చంక ముక్క మూలల దగ్గర కుట్టు సరిగ్గా బిందువు మీద ఆగాలి. ఒక్క కుట్టు దాటినా అక్కడ బట్ట పీక్కుంటుంది. మిషన్ మీద కుదరకపోతే ఆ నాలుగు మూలలూ చేత్తో కుట్టండి.

సమస్య: అంతా సరిగ్గా ఉంది, అయినా నాటకాల డ్రెస్సులా ఉంది

బట్టదే లోపం. మెరిసే శాటిన్, పాలిస్టర్ వెల్వెట్, అంచుకు బజారు లేసు వేస్తే ఎంత పరిశోధన చేసినా స్టేజీ వేషమే అవుతుంది. పేస్ మొదట గుర్తించింది తెల్లబట్టలు. పల్చటి మంచి నూలు బట్ట తీసుకోండి. డబ్బు పెట్టగలిగితే పొందూరు ఖాదీకి మించింది లేదు. చేత్తో వడికిన ఆ నూలులో చిన్న చిన్న ఎగుడుదిగుళ్ళే కబాయికి ప్రాణం పోస్తాయి. లేదా గంజి తీసేసిన మల్ కాటన్ చాలు. జరీ మెరుపు టోపీకీ నడికట్టుకీ వదిలేయండి.

సమస్య: రంగు బొమ్మకు సరిపోవడం లేదు

ముందు ఫోన్ ఫొటోలను నమ్మడం మానండి. ఫిల్టర్ వేసిన ఫొటోలో కావి ఎరుపు కాస్తా నారింజ అయిపోతుంది.

రెండోది ఇంకా ముఖ్యం. లేపాక్షి చిత్రాల్లో నీలం దాదాపు కనబడదు కదా అని ఆ కాలంలో నీలం బట్టే లేదనుకుంటారు కొందరు. గోడ మీద రంగు వేరు, బట్టలో రంగు వేరు. నీలిమందు అద్దకం మన దేశంలో అంతకు ఎన్నో వందల ఏళ్ళ ముందు నుంచీ ఉంది. నడికట్టుకు నీలం వాడండి, పక్కన "ఊహ" అని రాసుకోండి.

ఎరుపు కోసం చిరివేరు దొరికితే సరే, లేకపోతే మంజిష్ఠ. రంగు ఉతుకులో కారిపోతోందంటే పటిక సరిగా పట్టలేదని అర్థం. బట్టను ముందు బాగా ఉడికించి గంజి, నూనె వదిలించండి. తర్వాత కరక్కాయ నీళ్ళు, ఆ తర్వాత పటిక, చివరికి రంగు. ఆరాక తడిపిన తెల్లగుడ్డతో ఒక మూల గట్టిగా రుద్ది చూడండి. గుడ్డకు అంటితే కుట్టకండి, మళ్ళీ ఉతికి పటిక దగ్గర నుంచి మొదలుపెట్టండి.

సమస్య: వానాకాలం తర్వాత కుళ్ళాయి మెత్తబడింది, లోపల చిల్లులు

చింతగింజల బంక పురుగులకు తిండి, తేమకు మెత్తబడుతుంది. బంక కలిపేటప్పుడే కాస్త మైలుతుత్తం వేస్తే పురుగు పట్టదు. అది విషం కాబట్టి చేతికి గ్లవ్స్ వేసుకోండి, చర్మానికి తగిలే లోపలి పట్టీకి ఆ బంక తగలనివ్వకండి. దాచేటప్పుడు లోపల కాగితం ఉండలు కుక్కి, నూలు సంచిలో పెట్టి, బీరువా పై అరలో నిలబెట్టండి. ప్లాస్టిక్ కవర్‌లో పెడితే చెమ్మ బయటికి పోదు. మెత్తబడినదాన్ని ఒక పూట నీడలో గాలికి ఆరనిచ్చి, ఇంకా వంగుతుంటే లైనింగ్ విప్పి ఒక పొర గుడ్డ కొత్తగా అంటించండి.