జావాస్క్రిప్ట్ ఆపినవారికి సైటు తెరుచుకోకపోతే: సమస్య - పరిష్కారం

బ్రౌజర్ సెట్టింగుల్లో జావాస్క్రిప్ట్ (పేజీతో పాటు వచ్చి బ్రౌజర్‌లో నడిచే ప్రోగ్రాము, అదే స్క్రిప్టు) ఆపి, మీ సైటును మీరే ఒకసారి తెరిచి చూడండి. తరచుగా ఎదురయ్యే ఇబ్బందులు ఇవి.

సమస్య: పేజీ మొత్తం ఖాళీ.
కారణం: పేజీ సోర్స్ చూడండి. ఒక ఖాళీ డివ్ (పేజీలో పెట్టెలాంటి భాగం) తప్ప ఏమీ లేకపోతే, పాఠ్యాన్నంతా స్క్రిప్టే నింపుతోందని అర్థం. పాఠ్యం ఉండి కూడా కనిపించకపోతే, సీఎస్ఎస్ (పేజీ రూపాన్ని నిర్ణయించే కోడ్) దాన్ని దాచి, స్క్రిప్టు వచ్చి చూపించే వరకు ఆపుతోంది.
పరిష్కారం: చదవడానికి వచ్చినవారికి కావలసిన పాఠ్యాన్ని సర్వర్‌లోనే తయారుచేసి పంపండి. రియాక్ట్, వ్యూ అనే జావాస్క్రిప్ట్ పనిముట్లతో కట్టిన సైట్లకూ ఈ వీలుంది. దాచే పనిని మాత్రం స్క్రిప్టుకే వదిలేయండి. అది రాకపోతే ఏదీ దాగదు.

సమస్య: బొమ్మలు రావడం లేదు.
కారణం: బొమ్మ అసలు చిరునామా బ్రౌజర్ చూసే ఎస్‌ఆర్‌సీ అట్రిబ్యూట్‌లో కాక, స్క్రిప్టు మాత్రమే చదివే డేటా-ఎస్‌ఆర్‌సీలో ఉంది.
పరిష్కారం: దాన్ని ఎస్‌ఆర్‌సీలో పెట్టి, లోడింగ్ అట్రిబ్యూట్‌కు లేజీ (అవసరమైనప్పుడే బొమ్మ తెమ్మని చెప్పే) విలువ ఇవ్వండి. మిగతాది బ్రౌజరే చూసుకుంటుంది.

సమస్య: బటన్లు, ఫారాలు కదలడం లేదు.
కారణం: లింకు ఉండాల్సిన చోట క్లిక్ తగిలించిన డివ్ ఉంది. ఫారానికి యాక్షన్ చిరునామా (వివరాలు ఎక్కడికి పంపాలో చెప్పేది) లేదు.
పరిష్కారం: నిజమైన లింకు, నిజమైన ఫారం వాడండి. వివరాల తనిఖీ సర్వర్‌లోనూ జరగాలి. బ్రౌజర్‌లోని తనిఖీని ఎవరైనా దాటేయగలరు కాబట్టి ఈ పని ఎలాగూ తప్పదు.

సమస్య: నోస్క్రిప్ట్ ట్యాగ్ పెట్టినా కొందరికి ఖాళీ పేజీయే కనిపిస్తోంది.
కారణం: స్క్రిప్టు లేనప్పుడు చూపాల్సిన పాఠ్యాన్ని పెట్టే ట్యాగ్ అది. బ్రౌజర్‌లో స్క్రిప్టింగ్ ఆపి ఉంటేనే పనిచేస్తుంది. స్క్రిప్టు ఫైలు సగంలో ఆగిపోయినా, ఆఫీసు ఫైర్‌వాల్ అడ్డుకున్నా, పాత బ్రౌజర్‌కు అర్థం కాని కోడ్ వాక్యం ఒక్కటి తగిలినా దానికి తెలియదు. 2013లో బ్రిటన్ ప్రభుత్వ డిజిటల్ విభాగం తన సైటులో లెక్కపెట్టినప్పుడు 1.1 శాతం సందర్శనల్లో స్క్రిప్టు నడవలేదు. అందులో స్క్రిప్టింగ్‌ను ఆపేసినవి, లేదా అసలే లేని బ్రౌజర్లవి 0.2 శాతమే. మిగిలిన 0.9 శాతం మంది దేన్నీ ఆపలేదు, అయినా వారికి అందలేదు. “స్క్రిప్టు ఆపేవాళ్లు ఎందరుంటారు?” అని కొట్టిపారేసేవారు వీరిని లెక్కలోకి తీసుకోవడం లేదు. నాకు అన్యాయంగా తోచేది ఇదే.
పరిష్కారం: ముందు హెచ్‌టీఎంఎల్‌తో (పేజీని రాసే మూల భాషతో) పని జరగాలి, తర్వాతే స్క్రిప్టుతో సొగసు.

సమస్య: వీడియో కాల్, బొమ్మలు దిద్దే పరికరం వంటివి స్క్రిప్టు లేకుండా నడవవు.
పరిష్కారం: నడపాల్సిన అవసరమూ లేదు. “జావాస్క్రిప్ట్ ఆన్ చేయండి” అని మాత్రం సరిపెట్టకండి. ఏ పనికి, ఎందుకు కావాలో రాయండి. భద్రత కోసం టోర్ బ్రౌజర్‌లో (వాడేవారి గుర్తింపును దాచే బ్రౌజర్) జావాస్క్రిప్ట్‌ను ఆపేసే అత్యంత సురక్షిత స్థాయి ఎంచుకున్నవారికి దాన్ని ఆన్ చేయడం చిన్న నిర్ణయం కాదు. వారు సంప్రదించడానికి ఈమెయిలో, ఫోన్ నంబరో అక్కడే ఇవ్వండి.