కొత్త రకం సోలార్ ప్యానెల్‌ను ఆరుబయట పరీక్షించడం ఎలా?

ప్యానెల్ వెనక లేబుల్ మీద 400 వాట్లు అని ఉంటుంది. అది ల్యాబ్‌లో తేలిన లెక్క. అక్కడ చదరపు మీటరుకు 1000 వాట్ల వెలుతురు, ప్యానెల్‌లోని సోలార్ సెల్ ఉష్ణోగ్రత 25 డిగ్రీలు. ఆరుబయట ఈ రెండూ ఒకేసారి కుదరడం అరుదు. అంత ఎండ కాస్తే సెల్ 55, 60 డిగ్రీలకు వేడెక్కిపోతుంది. కాబట్టి కొత్త ప్యానెల్‌ను లేబుల్‌తో కాదు, పక్కనే పెట్టిన మామూలు సిలికాన్ ప్యానెల్‌తో పోల్చాలి.

మొదట, ఏది తేలితే పాసైనట్టో కాగితం మీద రాసుకోండి. ఎక్కువ కరెంటు ఇస్తుందనా, వేడికి తట్టుకుంటుందనా, దుమ్ము తక్కువ పడుతుందనా? ఫలితాలు చూశాక ప్రశ్న మార్చాలనిపించడం సహజం, అందుకే ముందే రాసుకోవాలి.

బిగించే ముందు ప్రతి ప్యానెల్‌కూ ల్యాబ్‌లో ఐ-వి కర్వ్ (వోల్టేజీని బట్టి కరెంటు ఎలా మారుతుందో చూపే గ్రాఫ్) తీయించండి. అదే బ్యాచ్‌లోది ఒకటి చీకటి గదిలో దాచండి. ఏడాది తర్వాత రీడింగ్ తగ్గితే, తప్పు ప్యానెల్‌దా మీటర్‌దా అన్నది ఆ దాచినదే చెబుతుంది. చాలామంది ఖర్చు దండగని వదిలేసేది దీన్నే.

తర్వాత రెండు రకాలనూ ఒకే వాలులో, ఒకే దిక్కుకు, ఏ కాలంలోనూ నీడ పడని చోట బిగించండి. రెంటినీ ఒకే సిరీస్‌లో కలపొద్దు. తక్కువ కరెంటు ఇచ్చేది రెండోదాన్నీ వెనక్కి లాగుతుంది. దేని మైక్రో ఇన్వర్టర్ (ప్యానెల్ ఇచ్చే డీసీ కరెంటును ఏసీగా మార్చే చిన్న పరికరం) దానికి ఉండాలి.

ఎండను కొలిచే పైరనోమీటర్‌ను నేలకు సమాంతరంగా కాకుండా ప్యానెల్ వాలులోనే పెట్టాలి. దాని అద్దం మీద దుమ్ము పడితే ఎండ తక్కువని చూపిస్తుంది, దాంతో ప్యానెల్ ఉన్నదానికంటే గొప్పగా కనిపిస్తుంది! ఉష్ణోగ్రత సెన్సర్‌ను ప్యానెల్ వెనక, ఒక సెల్ నడిమధ్యకు వచ్చేలా అతికించండి. నిమిషానికో రీడింగ్ చాలు, కానీ పరికరాలన్నిటి గడియారాలూ ఒకే టైమ్ చూపాలి.

ఇక లెక్క. ఎండ చదరపు మీటరుకు 800 వాట్లు (ల్యాబ్‌లోని 1000లో 80 శాతం), సెల్ 60 డిగ్రీలు అనుకుందాం. 400లో 80 శాతం అంటే 320. డిగ్రీకి 0.35 శాతం తగ్గే ప్యానెలైతే, ల్యాబ్‌లోని 25 కంటే 35 డిగ్రీల అదనపు వేడికి 12 శాతం పైచిలుకు పోతుంది. మిగిలేది సుమారు 281 వాట్లు. మీటర్‌లో 280 కనిపిస్తే టెన్షన్ అక్కర్లేదు, ప్యానెల్ బాగానే ఉంది. 250 దగ్గర ఆగితే మాత్రం ముందు కనెక్టర్లు, దుమ్ము, నీడ చూడండి. ఆ తర్వాతే ప్యానెల్‌ను అనుమానించండి.

దుమ్ము సంగతి విడిగా తేల్చాలి. ప్రతి రకంలో ఒకదాన్ని తుడుస్తూ, ఇంకోదాన్ని అలాగే వదిలేస్తే తేడా కనబడుతుంది.

అన్ని కాలాలూ చూడాలంటే కనీసం ఏడాది పట్టాలి. కొన్ని సిలికాన్ ప్యానెళ్లు మొదట్లోనే కాస్త తగ్గి నిలకడకు వస్తాయి. పెరోవ్‌స్కైట్ అనే కొత్త పదార్థంతో చేసిన రకాలు పగలు తగ్గి, రాత్రి చీకట్లో కొంత కోలుకోవచ్చు. వాటికి మధ్యాహ్నం రీడింగ్ ఒక్కటే చూస్తే మోసపోతాం, ఉదయం నుంచి సాయంత్రం దాకా గ్రాఫ్ గీయాలి.

ఏడాది డేటాతో పాతికేళ్ల మన్నిక మాత్రం తేలదు. మంచి సిలికాన్ ప్యానెల్ ఏటా తగ్గేది అర శాతం దరిదాపుల్లోనే, ఎండ కొలతలో ఉండే అనిశ్చితే దానికి మించి ఉండొచ్చు. మన్నిక కోసం 85 డిగ్రీల వేడి, 85 శాతం తేమలో 1000 గంటలు ఉంచే ల్యాబ్ పరీక్ష కూడా చేయించండి.